పాత గోడల మీద కొత్త గది

పెనుకొండలో మా ఇంటికి ఎదురిల్లు పోతులయ్య మామది. చుట్టరికం ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి ఆయన్ను మామా అని, ఆయన భార్య రమాదేవిని అత్తా అని పిలవడం అలవాటు. ఆయన హిందూపురం డిపోలో బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మలుపు దగ్గర ఎవరికీ కనబడకుండా నిలబడటం, బస్సు దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపడం, ఎక్కి ఒక్కొక్కరి ముఖంలోకీ చూడటం. ఉద్యోగమంతా అదే. టికెట్ కొననివాడు ఎవడో తనకు ముందే తెలిసిపోతుందని చెప్పేవారు.

"మొగం చూస్తే చాలప్పా. కిటికీ తిక్కు చూసేవాడు ఒకడు, నిద్ర పోయినట్ల తల వాల్చేవాడు ఒకడు. నన్ను చూసి నవ్వేవాడు ఉంటాడు చూడు, వాని టికెట్ ముందు అడుగుతాంటి."

ఉద్యోగం అయిపోయినా ఆ చూపు పోలేదు. సంతలో తూచి తెచ్చిన కూరగాయల్ని ఇంట్లో ఇంకోసారి తూచేవారు. పాలాయన వెళ్ళాక గిన్నె వంచి, పాలు అంచుకు ఎలా అంటుతున్నాయో చూసేవారు. ఎవరినీ ఒక్క మాట అనేవారు కాదు. ఊరికే చూసేవారు. ఆ చూపుకే మనుషులు తడబడేవారు.

నేను మాత్రం ఆయన అనుమానాన్ని ఎగతాళి చేయలేను. మా ఇంటి ముందు గదిలో సెల్‌ఫోన్ల షాపు పెట్టిన కొత్తలో నాకు ఒకతను చార్జర్లు పంపేవాడు. మామ ఒకరోజు ఊరికే కూర్చుని డబ్బాలు తిప్పి చూసి, "ఇవి నకిలీవి ప్రవీణా, అక్షరాలు చూడు" అన్నారు. నిజమే. ఆయనే లేకపోతే నా షాపు ఆ ఏడాదే మూతపడేది.

మామ ఇల్లు ఆయన నాయన తిమ్మప్ప కట్టింది. కొండ రాళ్ళు తెచ్చి, మట్టితో పేర్చిన గోడలు, చేతి మూరెడు మందం. పైన మొదట్లో మట్టి మిద్దె ఉండేది. ఉద్యోగంలో ఉండగా మామ ఆ మిద్దె తీయించి సిమెంటు స్లాబు వేయించారు. గోడలకు పూత పూయించి, పచ్చ రంగు వేయించారు. చూసేవాళ్ళకు అది కొత్త ఇల్లే.

ఊరికి దగ్గర్లో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక గదులకు గిరాకీ పెరిగింది. పనికి వచ్చే పిల్లలు వీధి వీధీ తిరిగి అద్దెకు అడుగుతున్నారు. స్లాబు మీద ఒక గది, వంటిల్లు, బాత్‌రూమ్ వేసి అద్దెకివ్వాలని మామకు ఆలోచన వచ్చింది. ఊరి బయట ఆయనకు ఒక ఖాళీ సైటు కూడా ఉంది. రమాదేవత్త అక్కడే కట్టమంది.

"ఆడ ఏముండాది? మట్టి ఉండాది," అన్నారు మామ. "పునాది తవ్వాల, గోడలు లేపాల, కరెంటు తేవాల. ఈడ సగం ఇల్లు ఉండనే ఉండాది గదా. పునాది ఉండాది, గోడలుండాయి, స్లాబుండాది. పైన సగం కడితే సగం ఖర్చు."

ఆ లెక్కలో తప్పేముందో నాకూ తోచలేదు.

మేస్త్రిని నేనే చెప్పాను. శామ్యూల్‌ది గుడిబండ దగ్గర పల్లె. బేల్దారి పనిలో పేరున్న మనిషి, తక్కువ మాట్లాడతాడు. వచ్చి ఇల్లంతా చుట్టి చూశాడు. గోడను వేలి కణుపుతో అక్కడక్కడా తట్టాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"సార్, సైటుందంట గదా. దాంట్లో కట్టుకుంటే మేలు."

మామ నన్ను చూశారు. అతను వెళ్ళాక అన్నారు: "చూసినావా? గది కడతావా అంటే ఇల్లు కట్టమంటాండాడు. పెద్ద పని అయితే పెద్ద తిండి."

చివరికి పైగదే అని తేలింది. అప్పుడు శామ్యూల్ ఇంకో మాట చెప్పాడు. ఈ గోడలు పైబరువు మోయవు, ఇంట్లోనే మూలల్లో గుంతలు తవ్వి కింది నుంచి పిల్లర్లు లేపాలి, స్లాబుకు రంధ్రం కొట్టి పైకి తీసుకుపోవాలి. అంటే ఇల్లు ఖాళీ చేయాలి. మామ గొణుగుతూనే ఒప్పుకున్నారు. మామ, అత్త వెనక సందులో ఒక చిన్న పోర్షన్ అద్దెకు తీసుకున్నారు. గది కట్టకముందే అద్దె కట్టడం మొదలైంది.

ఆ రోజు నుంచి మామ పని దగ్గరే ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఇంట్లోకి జెసిబి రాదు. గుంతలన్నీ మనుషులే గడ్డపారలతో తవ్వాలి. తవ్విన మట్టిని బుట్టల్లో వంటింట్లోంచి వీధిలోకి మోయాలి. మా సందు ఇరుకు కాబట్టి ఇసుక ట్రాక్టరు లోపలికి రాక, వీధి మొగదల దించి వెళ్ళిపోయేది. అక్కడి నుంచి మళ్ళీ మోత. ఒక గుంతలో పెద్ద బండరాయి తగిలింది. పగలగొడితే గోడ అదురుతుందని శామ్యూల్ దాన్ని ఉలితో కొద్దికొద్దిగా చెక్కించాడు. స్లాబు కింద ఇనుప జాకీలు అద్దెకు తెచ్చి నిలబెట్టాడు. ఇంటి ముందు పోయే కరెంటు తీగలు పైగదికి చేతికందేంత దగ్గరవుతాయని, వాటిని జరిపించాలన్నాడు. పాత బాత్‌రూమ్ పైపు కొత్త గుంతకు అడ్డం వచ్చింది, దాన్నీ మార్చాలన్నాడు.

ప్రతి ఒక్కదానికీ కూలి. ప్రతి కూలికీ మామ ముఖం ఇంకొంచెం బిగుసుకునేది.

"రాయి నిజంగానే ఉండెనా, వీడే పెట్టించినాడా?" అని ఒకరోజు నా షాపులోకి వచ్చి అడిగారు.

"భూమిలో రాయి ఎట్ల పెట్టిస్తాడు మామా?"

"నీకు తెలీదు. నేను బస్సులో ఎన్ని ఎత్తులు చూసినానో."

మరుసటి వారం మా మిద్దె ఎక్కి, నీళ్ళ ట్యాంకు చాటున నిలబడి కూలీలను చూస్తూ కనిపించారు. మలుపు దగ్గర బస్సు కోసం నిలబడినట్టే ఉంది ఆ నిలబడటం. ఎండకు చెమటలు కారుతున్నాయి. నేను మజ్జిగ తీసుకుపోతే, తలకాయ తిప్పకుండానే గ్లాసు అందుకున్నారు.

"అదిగో," అన్నారు. "మీ అత్త చూడు."

కింద రమాదేవత్త టీ క్యాన్‌తో వచ్చి శామ్యూల్‌తో మాట్లాడుతోంది. అతను గోడ చూపించి ఏదో చెబుతున్నాడు, ఆమె అడ్డంగా తలాడిస్తోంది. మామ కిందికి దిగి వీధి దాటేసరికి ఇద్దరూ మాట ఆపేశారు. నేను మామ వెనకే ఉన్నాను. అది నాకూ కనబడింది.

"ఏం మాట్లాడుతాండారు?" అన్నారు మామ.

"ఏంల్యా. టీ ఇచ్చినా," అంది అత్త.

ఆ తర్వాత అలా రెండు మూడుసార్లు జరిగింది. ఒక పొద్దున మామ ఉండబట్టలేకపోయారు. అత్త నా షాపులో రీచార్జ్ చేయించుకుంటుండగా, నా ముందే అడిగేశారు.

"ఆ మేస్త్రి నీకేమిస్తానన్యాడు?"

అత్తకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను తీసుకుని, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, మాట మాత్రం లేదు. మామ దాన్ని కూడా అనుమానించారు. "తప్పు లేకపోతే కొట్లాడేది. గమ్మునుండాది అంటే?" అన్నారు నాతో.

అప్పుడే శామ్యూల్ గోరంట్లలో ఒక కొత్త ఇల్లు కట్టించాడని తెలిసింది. ఇంటాయన తిరుపాల్ పాల డెయిరీలో పని చేస్తాడు. మామ నా బండెక్కి, "పోదాం పా. చెప్పకుండా పోవాల," అన్నారు.

తిరుపాల్ మంచివాడు. అడగకుండానే ఇల్లంతా తిప్పి చూపించాడు. రెండు గదులు, హాలు, వంటిల్లు, వెనక స్నానాల గది. మొత్తం ఎంతయిందో కూడా దాచుకోకుండా చెప్పాడు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. మామ పైగదికి గోడ ఒక్కటీ లేవకముందే అయిన ఖర్చు దానికంటే ఎక్కువ.

"ఖాళీ జాగా గదా," అన్నాడు తిరుపాల్. "జెసిబి వచ్చి ఒక్క పూటలో గుంతలన్నీ తవ్వేసింది. లారీ నేరుగా ఈడికే వచ్చి ఇసుక పోసిపోయె. కొట్టేది లేదు, మోసేది లేదు..."

మామ అది వినలేదు. ఆయన చెవిలో ఖర్చు ఒక్కటే నిలిచింది. తిరుగు ప్రయాణంలో వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుని, "దొరికినాడు, దొరికినాడు," అంటూనే ఉన్నారు. ఆ గొంతులో కోపం కంటే సంతోషమే ఎక్కువగా వినబడింది. చాలా ఏళ్ళ తర్వాత బస్సు ఆపిన మనిషి సంతోషం అది.

ఇంటి దగ్గర దిగీదిగగానే, కూలీలందరి ముందూ శామ్యూల్‌ను పట్టుకున్నారు.

"గోరంట్లలో ఇల్లు అంత దుడ్లకు కట్టినావు. ఈడ గుంతలకే అంత తిన్యావు. యాడ దాచినావు?"

శామ్యూల్ పిల్లరు కమ్మీలు కడుతున్నాడు. లేచి నిలబడ్డాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. చేతులు కడుక్కుని, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి రెండు గుంతల్లో కాంక్రీటు పడి పిల్లర్లు సగం దాకా లేచాయి, మిగిలిన గుంతలు తెరిచే ఉన్నాయి.

"నమ్మకం లేని ఇంట్లో పని చేయలేను సార్. స్లాబు కింద నా మనుషులుండారు," అన్నాడు. గడప దాకా పోయి మళ్ళీ ఆగాడు. "ఆ గుంతలు అట్ల తెరిచి పెట్టొద్దండి. గోడ పక్కనే ఉండాయి. వాన వస్తే నిలబడదు."

"బెదిరిస్తాండావా?" అన్నారు మామ.

శామ్యూల్ వెళ్ళిపోయాడు. ఆ వారం కూలి కూడా అడగలేదు. అదీ అనుమానంగానే తోచింది మామకు. అడగలేదంటే ముందే తీసుకున్నాడని అర్థం కదా.

తర్వాత ధర్మవరం నుంచి సుంకన్న అనే మేస్త్రి వచ్చాడు. నవ్వుముఖం. ఇంట్లో అడుగుపెట్టీ పెట్టకముందే గోడ మీద అరచేత్తో బాదాడు.

"ఇదేం గోడ సార్, కోట గోడ మాదిరి ఉండాది! దీనికి పిల్లర్లు ఎందుకు? నేరుగా గోడ మీదే లేపుదాం. మీకు ఎవరో బాగా టోపీ పెట్టినారు."

మామ ముఖం విప్పారింది. ఇన్నాళ్ళూ తన మనసులో ఉన్న మాట ఇంకొకరి నోట వినబడింది. అతను చెప్పిన ఖర్చు శామ్యూల్ చెప్పినదానిలో సగం కూడా లేదు. పాలు, కూరగాయలు, మేస్త్రి, చివరికి భార్య, అందరినీ అనుమానించిన మనిషి సుంకన్నను ఒక్క ప్రశ్న అడగలేదు. అతను గోరంట్లలోనో హిందూపురంలోనో కట్టిన ఇల్లేదని అడగలేదు. అతని నవ్వు చూసి కూడా అడగలేదు.

"మామా, ఇంకొకరికి చూపిస్తే?" అన్నాను.

"నీకేం తెలుసప్పా," అన్నారు.

సుంకన్న తెరిచి ఉన్న గుంతల్లోకి వదులు మట్టి తోయించి పూడ్చేశాడు. పైకి మెట్ల కోసం వెనక గోడలో ఒక పక్క రాళ్ళు తీయించాడు. జాకీలకు అద్దె దండగని తిరిగి పంపించేశాడు. అడ్వాన్సు తీసుకున్నాడు. తర్వాత వాన పట్టుకుంది.

మా ప్రాంతంలో అంత వాన అరుదు. రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. మామ ఎప్పటిలాగే తాళం తీసి లోపల కుర్చీలో కూర్చున్నారు, సిమెంటు బస్తాలకు కాపలా. నేను షాపు షట్టరు లేపుతున్నాను. ఆయన చప్పున బయటికి వచ్చి, నాకు నోటి మీద వేలు పెట్టి సైగ చేసి, ఇంటి పక్క సందులోంచి వెనక్కి నడవడం చూశాను.

ఆయన తర్వాత చెప్పిందేమంటే, వెనక మూల నుంచి సరసరమని చప్పుడు వినబడిందట. ఎవరో కమ్మీలు లాగుతున్నారనుకున్నారు. దొంగను పట్టుకుందామని చెప్పులు కూడా వేసుకోకుండా లేచారు.

ఆ చప్పుడు మట్టి జారే చప్పుడు. ఆయన సందు దాటేసరికి ఇంటి మూల కూలింది.

నేను పరుగెత్తాను. దుమ్ము తడి తడిగా గాలిలో నిలిచి ఉంది. గోడ రెండు వైపులా పడింది. స్లాబు ఒక పక్కకు వంగి, శామ్యూల్ పోసిన ఒక పిల్లరు మొండి మీద ఆనుకుని ఆగింది. కుర్చీ కనబడలేదు. అక్కడ రాళ్ళ కుప్ప ఉంది. మామ వెనక పక్క వేపచెట్టు దగ్గర నిలబడి ఉన్నారు, చేతులు రెండూ ముందుకు చాపి, ఎవరినో పట్టుకోబోతున్నట్టు.

"ఎవరూ ల్యారప్పా," అన్నారు నాతో. "ఎవరూ ల్యారు."

విరిగిన గోడ లోపల కనబడింది. బయటికి ఒక వరస రాయి, లోపలికి ఒక వరస రాయి, మధ్యలో ఉత్త మట్టి, పెంకులు. పునాది మోకాలి లోతు కూడా లేదు. మామ వెళ్ళి ఆ మట్టిలో చెయ్యి పెట్టారు. గుప్పెడు ఊడి వచ్చింది. నాయన కట్టిన గోడ అది. దాన్ని మాత్రం ఆయన ఎన్నడూ అనుమానించలేదు.

రమాదేవత్త వెనక సందు నుంచి పరుగున వచ్చింది. ఆయన్ను చూసి, తల నుంచి కాళ్ళ దాకా తడిమి, అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. సుంకన్నకు ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఆ సాయంత్రం వాళ్ళ అద్దె పోర్షన్‌లో నేను కూడా ఉన్నాను. మామే అడిగారు, ఈసారి నేల చూస్తూ.

"ఆయప్ప నీతో ఏం చెప్తాండె రమా?"

"ఏం చెప్తాడు? సారును ఎట్లన్నా ఒప్పించమ్మా, ఈ గోడలు చూస్తే భయమైతాది, దీంట్లో పోసే దుడ్లతో సైటులో ఇల్లే వస్తాది అని చెప్తాండె. నేను పోయి చెప్పలేను పోప్పా అంటి. ఆయప్ప చెప్తే తిండికోసం అంటావు. నేను చెప్తే ఇద్దరం కూడబలుక్కున్యామంటావు. అట్లే అంటివి గదా."

అత్త లేచి ఆయన కంచంలో ఇంకొంచెం అన్నం వేసింది. "తిను," అంది. చాలా వారాల తర్వాత ఆమె ఆయనతో తనంతట తాను అన్న మొదటి మాట అది.

పది రోజులకు మామ నన్ను గుడిబండకు తీసుకెళ్ళమన్నారు. శామ్యూల్ అక్కడ ఒక బడికి ప్రహరీ కడుతున్నాడు. మమ్మల్ని చూసి పని ఆపలేదు. మామ పక్కన నిలబడి, చాలాసేపు తాపీ ఆడటం చూశారు. క్షమించమని అంటారేమో అనుకున్నాను. ఆ మాట ఆయన నోటికి రాలేదు.

"ఇల్లు పడిపోయె శామ్యూలూ."

"విన్న్యా సార్. మీకేం కాలేదు గదా?"

"ల్యా. ...నువ్వు పోసిన పిల్లరు మీద ఆగింది స్లాబు."

శామ్యూల్ తాపీ పక్కన పెట్టాడు. ఆ పాత ఇంట్లోకి మాత్రం మళ్ళీ రానన్నాడు. దాన్ని పూర్తిగా దించేయమన్నాడు. సైటులో అయితే ఈ పని అయ్యాక వస్తానన్నాడు. "ఒక మాట సార్. పని విషయం అమ్మతో మాట్లాడతా. మీతో కాదు."

అలాగే జరిగింది. పాత ఇల్లు దించడానికీ ఖర్చయింది, ఆ రాళ్ళూ మట్టీ మోయించడానికీ ఖర్చయింది. మిగిలినదానికి మామ పింఛను డబ్బు, అత్త గాజులు కలిపితే సైటులో రెండు గదుల ఇల్లు లేచింది. జెసిబి ఒక్క పూటలో గుంతలు తవ్వింది. లారీ నేరుగా లోపలికి వచ్చింది. అత్త గొడుగు వేసుకుని నిలబడి పని చూసుకుంది. పాత ఇంట్లో గుంతలకూ మోతకూ అయినదానికంటే ఇది తక్కువలో పూర్తయింది. కానీ అద్దెకివ్వడానికి గది మిగల్లేదు. అంత డబ్బు మట్టిలో కలిసిపోయాక, వాళ్ళుండటానికి ఒక ఇల్లు మాత్రం వచ్చింది.

ఇందులో మామను ఎక్కువగా బాధపెట్టింది నష్టం కాదు. ఎవరూ తినలేదన్న సంగతి. సుంకన్న తీసుకున్న అడ్వాన్సు మొత్తం ఖర్చులో ఒక మూలకు రాదు. డబ్బు పోయిందంటే ఎవరి జేబులోనో ఉండి తీరుతుందని నమ్మి ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసిన మనిషి ఆయన. ఇప్పటికీ నా షాపుకు వచ్చి కూర్చుని, ఉన్నట్టుండి, "ఆ జాకీల అద్దె ఎక్కువేమో గదప్పా?" అంటారు. కాదంటే ఒప్పుకుంటారు. వారం తర్వాత ఇంకోటి అడుగుతారు.

మొన్న మా వీధిలో దేవేంద్ర అనే లెక్చరరు తన పాత ఇంటి మీద గది వేయబోతున్నాడని తెలిసి, మామ పనిగట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళారు. గోడ ఒక చోట కొట్టి లోపల చూడమని, పునాది తవ్వి చూడమని, సైటుంటే అక్కడే కట్టుకోమని చెప్పారు. నేనూ అక్కడే ఉన్నాను. దేవేంద్ర అంతా విన్నాడు. మర్యాదగా టీ ఇచ్చాడు. చివర్లో చిన్నగా నవ్వి, "మీకు తెలిసిన మేస్త్రి ఎవరో ఉన్నట్టుండాడే సార్?" అన్నాడు.

మామ టీ గ్లాసు కింద పెట్టారు. బయటికి వచ్చి కొంత దూరం నడిచాక అన్నారు.

"నమ్మల్యా ఆయప్ప."

"ఊఁ," అన్నాను.

"కానీ మళ్ళా పోవాల. రేపు పొద్దున్నే పోదాం. నువ్వు కూడా రా, ఇద్దరం చెప్తే..." అని ఆగి, నా వైపు తిరిగారు. "కాదు. మీ అత్తను పిల్చుకొని పోదాం. ఆమె చెప్తే వింటాడేమో."